చెవిలో పెట్టిన మందు వాగు దాకా పోతోంది: ఎఫ్‌డీఏ పశువైద్య విభాగానికి బహిరంగ లేఖ

అమెరికా ఫుడ్ అండ్ డ్రగ్ అడ్మినిస్ట్రేషన్‌లోని సెంటర్ ఫర్ వెటర్నరీ మెడిసిన్ అధికారులకు,

నమస్కారం.

నేను పశువైద్యుణ్ణి. ఫీడ్‌లాట్లలో, అంటే మాంసం కోసం పెంచే పశువులకు చివరి నెలల్లో దాణా పెట్టి బలిపించే పెద్ద పెద్ద దొడ్లలో పనిచేసినవాణ్ణి. ఎదుగుదల కోసం ఆ పశువుల చెవుల్లో పెట్టే హార్మోన్ ఇంప్లాంట్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. వాటిని నిషేధించమని అడగడం లేదు. ట్రెన్‌బొలోన్ ఎసిటేట్ అనే కృత్రిమ మగ హార్మోన్ ఉన్న ఇంప్లాంట్లకు మీరిచ్చిన అనుమతుల్లో పర్యావరణానికి సంబంధించిన భాగాన్ని మళ్లీ తెరిచి చూడమని అడుగుతున్నాను. ఆ మందుకు మీరు మొదట అనుమతి ఇచ్చింది 1987లో. పేడలోంచి, మూత్రంలోంచి అది ఎటు పోతుందో, పోయినచోట ఏం చేస్తుందో చెప్పే ముఖ్యమైన పరిశోధనలు ఆ తర్వాతే వచ్చాయి.

మీకు ఇంగ్లిష్‌లో పంపిన విషయాన్నే తెలుగులోనూ రాస్తున్నాను. పశువైద్యంలో, పశుపోషణలో, నీటి పరీక్షల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఈ మాట వాళ్ల మధ్య కూడా నలగాలని నా కోరిక.

ఇంప్లాంట్ పెట్టడం చూడనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. పశువును చూట్‌లోకి, అంటే ఇరుకైన ఇనుప దడిలోకి, తోలి తల కదలకుండా బిగిస్తారు. చెవి వెనక భాగానికి అంటిన మట్టీ పేడా గీకేసి, మందునీళ్లలో ముంచిన బ్రష్‌తో తుడుస్తారు. ఇంప్లాంట్ గన్ సూదిని చెవి మధ్య భాగంలో, చర్మానికీ మెత్తటి ఎముకకూ నడుమ, పెద్ద రక్తనాళానికి తగలకుండా దూరుస్తారు. మందు వదులుతూ సూది వెనక్కి లాగితే చిన్న చిన్న గుళికలు వరసగా చర్మం కింద నిలిచిపోతాయి. తర్వాత బొటనవేలితో తడిమి చూడాలి. వరస సరిగా ఉందా, ఏదైనా నలిగిందా, సూది చేసిన రంధ్రంలోంచి ఒకటి బయటికి జారిందా అని. ఈ తడమడం పని తెలిసినవాళ్లు ఎంత తొందరలో ఉన్నా మానరు. శుభ్రత తప్పితే అక్కడ చీము పడుతుంది, చీము పట్టిన చెవిలో మందు సరిగా దిగదు. గుళిక నలిగితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగి, కోడెలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం ఎక్కువవుతుంది. అన్నీ సరిగా కుదిరితే ఆ గుళికలు మూడు నెలలు, కొన్ని రకాలైతే ఆరు నెలలకు పైగా, రక్తంలోకి కొద్దికొద్దిగా మందు వదులుతూనే ఉంటాయి.

చెవినే ఎందుకు ఎంచుకున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. వధశాలలో చెవి తీసి పారేస్తారు. మిగిలిపోయిన గుళిక మనిషి తిండిలోకి రాకూడదని చేసిన ఏర్పాటు అది, మంచి ఏర్పాటే. పళ్లెం దగ్గర చూపిన ఆ జాగ్రత్త దొడ్డి దగ్గర చూపలేదన్నదే నా ఫిర్యాదు.

ఈ మందుల వల్ల ఏ లాభమూ లేదని వాదించను. ఇంప్లాంట్ పెట్టిన పశువు రోజువారీ బరువు పెరుగుదల మామూలుకన్నా 10 నుంచి 20 శాతం ఎక్కువ ఉంటుంది. అంతే మాంసానికి తక్కువ దాణా, దాణా పండించడానికి తక్కువ భూమి, తక్కువ నీరు సరిపోతాయి. వట్టలు కొట్టిన కోడెల్లో సొంత మగ హార్మోన్ నామమాత్రమే కాబట్టి, ఆ లోటును పూరించే ట్రెన్‌బొలోన్ వాటిలో బాగా పనిచేస్తుంది. దానికి కాస్త ఈస్ట్రడయోల్ అనే ఆడ హార్మోన్ కలిపితే ఇంకా బాగా. అందుకే వెయ్యికి పైగా పశువులుండే అమెరికా ఫీడ్‌లాట్లలో పదింట తొమ్మిది పశువులకు ఏదో ఒక ఇంప్లాంట్ పడుతోంది. లాభం లేకపోతే దాణా ఖర్చు పైసాతో సహా లెక్కవేసుకునే వాళ్లు ఇంత శ్రమ పడరు.

మాంసంలో మిగిలే హార్మోన్ గురించి కూడా నేను ఇక్కడ తగువు పెట్టుకోదలచుకోలేదు. ఆ తగువు ఇప్పటికే చాలా కాలం నడిచింది. ఐరోపా దేశాలు 1989 జనవరి 1 నుంచి హార్మోన్ వాడిన మాంసం దిగుమతిని ఆపేశాయి. ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా, కెనడా వేసిన కేసులో 1998లో అప్పీలు తీర్పు వచ్చింది. ఐరోపా తన నిషేధానికి తగిన ప్రమాద అంచనా చూపలేదని అందులో తేల్చారు. 1999లో ఏడాదికి 11.68 కోట్ల డాలర్ల మేర ప్రతీకార సుంకాలు వేసుకునే హక్కు అమెరికాకు దక్కింది. చివరికి హార్మోన్ వాడని మాంసానికి కోటా ఇవ్వడంతో రాజీ కుదిరింది. 2019 ఒప్పందంలో అమెరికా వాటా ఏడేళ్లలో 35,000 టన్నులకు చేరేలా రాసుకున్నారు. ఇన్నేళ్ల పోట్లాటలో రెండు వైపులా లాయర్లూ శాస్త్రవేత్తలూ వాదించుకున్నది తినేవాడి ఆరోగ్యం గురించే. పశువు ఒంట్లోంచి బయటికి పోయినదాని సంగతి పట్టించుకునే పని పెద్దగా ఎవరికీ పడలేదు. ఆ తగువు ఎంత పెద్దదైందంటే, ఇంప్లాంట్ల గురించి ఏం మాట్లాడినా జనం అదే తగువు అనుకుంటారు.

ఇక నా విషయానికి వస్తాను.

ట్రెన్‌బొలోన్ ఎసిటేట్ పశువు ఒంట్లో 17-బీటా ట్రెన్‌బొలోన్‌గా మారుతుంది. కండ పెంచే పని చేసేది అదే. తర్వాత కాలేయం దాన్ని ఎక్కువ భాగం 17-ఆల్ఫా రూపంలోకి మార్చి, పైత్యరసంతో పేగుల్లోకి పంపుతుంది. అలా పేడలో, కొంత మూత్రంలో బయటపడుతుంది. ఆల్ఫా రూపానికి బలం తక్కువ కాబట్టి భయం లేదని చాలాకాలం అనుకున్నారు. పాలిచ్చే జంతువుల కణాల మీద చేసిన పరీక్షల్లో అది నిజమే కావచ్చు. చేపల దగ్గరికి వచ్చేసరికి ఆ ధీమా నిలబడలేదు.

మిన్నెసోటాలోని డులూత్‌లో పర్యావరణ రక్షణ సంస్థ, అంటే ఈపీఏ, వారికి ఒక ప్రయోగశాల ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు 2003లో ఫాట్‌హెడ్ మిన్నో అనే చేపల మీద చేసిన ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. వేలెడంత చేప అది. అమెరికా వాగుల్లో సర్వసాధారణంగా దొరుకుతుంది. గుడ్లు పెట్టే కాలంలో మగ చేపకు మూతి మీదా నుదుటి మీదా గరుకు బుడిపెలు లేస్తాయి, వీపు మీద మెత్తటి కండ మందంగా పెరుగుతుంది. రాళ్ల కింద గూడు శుభ్రం చేసుకుని గుడ్లకు కాపలా కాసేది ఆ మగదే. ఆడదానికి ఆ బుడిపెలు ఉండవు. 17-బీటా ట్రెన్‌బొలోన్ కలిపిన నీళ్లలో ఉంచాక ఆడ చేపల తలల మీద మగవాటికి వచ్చే బుడిపెలే మొలిచాయి. అంతకన్నా ముఖ్యం, అవి పెట్టే గుడ్ల సంఖ్య బాగా పడిపోయింది. గుడ్లు తగ్గడం లీటరుకు 27 నానోగ్రాముల దగ్గరే కనిపించింది. నానోగ్రామ్ అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. అదే బృందం 2006లో ఆల్ఫా రూపాన్నీ పరీక్షించింది. చేపల విషయంలో ఆల్ఫా కూడా దాదాపు బీటాతో సమానంగానే దెబ్బతీస్తుందని తేలింది. పశువు ఒంట్లోంచి ఎక్కువగా బయటికొచ్చేది ఆ ఆల్ఫానే అన్నది మరిచిపోకూడదు.

ప్రయోగశాల తొట్టి వేరు, దొడ్డి వేరు అంటారని తెలుసు. ఒహాయోలో ఒక ఫీడ్‌లాట్ నుంచి పారే నీటిని పరీక్షించి 2006లోనే ఫలితాలు ప్రచురించారు. అందులో 17-ఆల్ఫా లీటరుకు సుమారు 120 నానోగ్రాముల దాకా, 17-బీటా సుమారు 20 దాకా దొరికాయి. అది దొడ్డి నుంచి బయటపడుతున్న నీరు. వాగులో కలిశాక పలచబడుతుంది, నిజమే. ఎంత పలచబడుతుందో, ఎప్పుడు పలచబడుతుందో కొలవాల్సింది ఎవరు అన్నదే నా ప్రశ్న.

నెబ్రాస్కాలో ఎల్క్‌హార్న్ నది ప్రాంతంలో, ఫీడ్‌లాట్ నీళ్లు చేరే చోట పట్టిన ఫాట్‌హెడ్ మిన్నోల గురించి 2004లో ఒక అధ్యయనం వచ్చింది. మగ చేపల వృషణాలు చిన్నవిగా ఉన్నాయి, తల ఆకారంలో మగ లక్షణాలు తగ్గాయి. ఆడ చేపల్లో మగ హార్మోన్లతో పోలిస్తే ఆడ హార్మోన్ల నిష్పత్తి తగ్గింది. ఇదంతా ఒక్క ట్రెన్‌బొలోన్ పనేనని ఆ అధ్యయనం చెప్పలేదు, నేనూ చెప్పను. దొడ్డి నీళ్లలో పశువుల సహజ హార్మోన్లుంటాయి, ఇతర మందులుంటాయి, దాణా నుంచి వచ్చేవీ ఉంటాయి. కానీ ఆ నీళ్లు చేరేచోట చేపలు మామూలుగా లేవన్నది కళ్లముందున్న సంగతి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన. సూర్యరశ్మి తగిలితే ట్రెన్‌బొలోన్ త్వరగా విచ్ఛిన్నమవుతుందని అంతకుముందే తెలుసు. అది ధైర్యమిచ్చే విషయంగానే అందరం తీసుకున్నాం. పగటి వెలుతురులో మాయమైనట్టు కనిపించినదానిలో కొంత భాగం చీకటి పడ్డాక మళ్లీ మొదటి రూపానికి వస్తోందని ఆ పరిశోధన చూపించింది. ఇప్పుడు ఆలోచించండి. నీటి నమూనాలు ఎవరైనా ఎప్పుడు తీస్తారు? పగలే. పగటి నమూనాలో తక్కువ కనపడింది కాబట్టి మందు పోయిందని రాసుకుంటే, రాత్రి అదే వాగులో ఎంత ఉందన్నది ఆ కాగితం మీదికి ఎక్కదు. 1987లో ఈ సంగతి ఎవరి ఊహకూ అందే అవకాశం లేదు. ఇవాళ తెలిసింది కాబట్టే ఫైలు తెరవమంటున్నాను.

నేల సంగతి వేరుగా ఉంది, అదీ చెప్పాలి. గాలి బాగా ఆడే పొలం మట్టిలో ట్రెన్‌బొలోన్ చాలా త్వరగా విరిగిపోతుంది. గాలి తగలని పలచటి పేడనీళ్లలో అలా కాదు. జర్మనీలో చేసి 2001లో ప్రచురించిన ప్రయోగంలో, నిల్వ ఉంచిన పేడనీళ్లలో అది సగానికి తగ్గడానికి సుమారు 260 రోజులు పడుతుందని లెక్కతేలింది. అంటే ఒకే మందు ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి త్వరగా పోనూ పోవచ్చు, ఏడాదంతా ఉండనూ ఉండవచ్చు. అన్ని దొడ్లకూ కలిపి ఒకే సగటు అంకె వేసుకుని నిశ్చింతగా ఉండటం కుదరదు.

ఫీడ్‌లాట్ నీళ్ల చెరువు దగ్గర నిలబడి చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. ఎండిన రోజుల్లో దొడ్డి నేల పైపొర గట్టిపడి, పశువు అడుగేస్తే పొడి లేస్తుంది. పెద్ద వాన పడితే గంట తిరిగేసరికి ఆ పొడి అంతా నల్లటి నీళ్లై, కాలువల వెంట నురగతో దిగువ చెరువులోకి చేరుతుంది. వారాల తరబడి పడిన పేడంతా ఒకేసారి కదులుతుంది. అలాంటి వాన పశువులన్నిటికీ కొత్తగా ఇంప్లాంట్ వేసిన వారాల్లో పడిందనుకోండి. సాధారణంగా వాడే ఒక రకం ఇంప్లాంట్‌లో 200 మిల్లీగ్రాముల ట్రెన్‌బొలోన్ ఎసిటేట్ ఉంటుంది. అది పూర్తిగా కరిగేలోగా, దానిలో పదో వంతే చురుకైన రూపంలో నీళ్లలోకి చేరుతుందని లెక్క కోసం అనుకుందాం. ఆ కాస్తా ఆరు లక్షల లీటర్లకు పైగా నీటిని, చేప గుడ్లు తగ్గిన 27 నానోగ్రాముల స్థాయికి తేవడానికి చాలు. ఇది ఒక్క పశువు లెక్క. పదో వంతు అన్నది నేను వేసుకున్న అంకే. అసలు అంకె ఇంతకన్నా చాలా తక్కువ కావచ్చు. ఆ అసలు అంకెను ఒక్కో రకం దొడ్డికీ, ఒక్కో రకం వాతావరణానికీ కట్టి జనం ముందు పెట్టమనే అడుగుతున్నాను.

పశువులు హార్మోన్లు లేకుండా ఎప్పుడున్నాయి, చూడి ఆవు మూత్రంలో పోయే ఈస్ట్రోజెన్ ముందు ఇదెంత అని కంపెనీల తరఫువాళ్లు అంటారు. ఈస్ట్రోజెన్ విషయంలో ఆ మాటలో నిజముంది. డెయిరీల నుంచి పోయే సహజ హార్మోన్ల మీద వేరే చర్చ జరగాలి. ట్రెన్‌బొలోన్‌కు మాత్రం ఆ వాదన అతకదు. దాన్ని ఏ ఆవూ తయారుచేయదు, ఏ మనిషీ తయారుచేయడు, ఏ మొక్కలోనూ ఉండదు. ఫీడ్‌లాట్ కింది వాగులో అది కనపడితే ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు. కొలవడానికి, బాధ్యత తేల్చడానికి ఇంతకన్నా వీలైన మందు ఇంకోటి ఉండదు. అలాంటిదాన్ని కూడా క్రమం తప్పకుండా కొలవకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

ఎందుకు కొలవడం లేదంటే, అది ఏ ఆఫీసు పనో తేలక. మందుకు అనుమతి మీది. నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ పాలసీ చట్టం ప్రకారం అనుమతి వేళ పర్యావరణం గురించి ఆలోచించాల్సిందీ మీరే. కానీ ఒకసారి అనుమతి వచ్చిన మందుతో కొత్త కలయికలు, కొత్త మోతాదులు వస్తే, వాడకం పెరగదనే కారణంతో కొత్త అంచనా నుంచి మినహాయించడం ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. అలా పాత అంచనా మీదే కొత్త సరుకు పేరుకుంటూ పోతుంది. నీటి సంగతి ఈపీఏది. క్లీన్ వాటర్ చట్టం కింద పెద్ద ఫీడ్‌లాట్ల పర్మిట్లలో ప్రధానంగా చూసేది నత్రజని, భాస్వరం. నీళ్ల చెరువు కట్టేది 25 ఏళ్లకోసారి పడే 24 గంటల వానను తట్టుకునేలా. ఆ పేడనీళ్లను పొలాలకు పెట్టేటప్పుడు లెక్క వేసేదీ పైరుకు ఎంత నత్రజని, ఎంత భాస్వరం కావాలన్నదే. హార్మోన్ అనే గడి ఆ కాగితాల్లో లేదు. ఈపీఏ శాస్త్రవేత్తలే డులూత్‌లో ప్రమాదం చూపించారు, ఈపీఏ పర్మిట్లలోనే దానికి చోటు లేదు. మందు అనుమతి మా పని కాదని వాళ్లు, వాగు మా పని కాదని మీరు అంటే, ఆ నీళ్లతో పొలం తడిపే రైతూ కింద చేపలు పట్టుకునేవాడూ ఎవరి గడప తొక్కాలి?

మీరు తలచుకుంటే పని జరుగుతుందని ఈమధ్యే చూశాం. ఒకే పెంపకం దశలో పశువుకు మళ్లీ మళ్లీ ఇంప్లాంట్ వేయడం చాలా దొడ్లలో మామూలైపోయింది. లేబుల్ మీద స్పష్టంగా అనుమతి ఉన్న ఇంప్లాంట్లకు తప్ప అలా వేయకూడదని మీరు కంపెనీలకు లేఖలు రాశారు, లేబుళ్లు మార్పించారు. 2023 జూలై నుంచి అది అమల్లోకి వచ్చింది. ఫీడ్‌లాట్లవాళ్లు తమ షెడ్యూళ్లు మార్చుకున్నారు, ఎక్కువసేపు పనిచేసే పూత గుళికలకు మారినవాళ్లున్నారు. కాస్త టెన్షన్ పడ్డారు, సణిగారు, సర్దుకున్నారు. పరిశ్రమ ఏమీ కుప్పకూలలేదు. ఎప్పుడు, ఎన్నిసార్లు వేయాలో లేబుల్ ద్వారా కట్టడి చేయగలిగిన మీకు, వేశాక వచ్చే పేడనీళ్లను ఎలా ఉంచాలో చెప్పడం అసాధ్యమేమీ కాదు.

రైతుల మీద భారం పెంచమని నేను కోరడం లేదు. చేయదగిన పనుల్లో చాలావాటికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. పేడను కుప్పవేసి తిరగేస్తూ గాలి తగిలేలా కంపోస్టు చేస్తే హార్మోన్లు బాగా తగ్గుతాయి. దొడ్డికీ వాగుకూ మధ్య గడ్డి పట్టీ వదిలితే పారే నీరు నిదానించి మట్టిలోకి ఇంకుతుంది, ఆ మట్టిలోనే ఇది త్వరగా విరిగిపోతుంది. ఇంప్లాంట్లు వేసిన తొలి వారాల్లో చెరువు నీటిని పొలానికి వదలకుండా ఆపడం, వాన సూచన చూసుకుని ఇంప్లాంట్ల రోజు మార్చుకోవడం వంటివి దొడ్డి మేనేజరు ఫోన్‌లో తేల్చే పనులు. ఇప్పటికే వీటిలో కొన్ని చేస్తున్న మంచి ఫీడ్‌లాట్లు ఉన్నాయి. వాటిని చేయమని లేబుల్ మీద లేకపోవడం వల్ల చేసేవాడికీ చేయనివాడికీ తేడా లేకుండా పోతోంది.

ఫైలు తెరిచాక ఏం చూడాలంటే, నా మనవి ఇది. ట్రెన్‌బొలోన్ ఉన్న ఇంప్లాంట్లన్నిటినీ విడివిడిగా కాకుండా కలిపి అంచనా కట్టండి, ఎందుకంటే వాగులోకి వచ్చేది అన్నిటి మొత్తం. 17-ఆల్ఫా రూపాన్ని బలం లేనిదని పక్కన పెట్టకుండా చేపల ఫలితాల ప్రకారమే లెక్కలోకి తీసుకోండి. నమూనాలు పెద్ద వానల తర్వాత తీయించండి, రాత్రిపూట కూడా తీయించండి, లీటరుకు పది నానోగ్రాములకన్నా తక్కువ ఉన్నా పట్టగలిగే పరీక్షలే వాడండి. ఈ పని ఈపీఏతో, నదుల మీద పాతకాలం నుంచి కొలతలున్న యూఎస్ జియలాజికల్ సర్వేతో కలిసి చేస్తే, ఎవరి పరిధి ఎక్కడన్న పేచీ మీ మధ్యే తెగిపోతుంది.

అన్నిటికన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. అనుమతి కోసం కంపెనీలు మీకిచ్చిన విసర్జన లెక్కలు, మీరు వేసుకున్న పర్యావరణ అంచనాలు ఏళ్ల తరబడి వేర్వేరు దస్తావేజుల్లో చెదిరి ఉన్నాయి. వ్యాపార రహస్యాలు తీసేసి మిగతావన్నీ ఒకేచోట అందరికీ కనిపించేలా పెట్టండి. ఫైలు తెరవాల్సిన అవసరం లేదని మీరు తేల్చినా సరే, ఆ మాట కారణాలతో రాసివ్వండి. 2003 నాటి డులూత్ ఫలితానికి, 2006 నాటి ఒహాయో కొలతలకు, 2013 నాటి సైన్స్ పత్రిక పరిశోధనకు ఒక్కొక్కదానికీ విడిగా మీ సమాధానం ఏమిటో అందులో ఉండాలి. మీ జవాబు వస్తే దాన్నీ పూర్తిగా తెలుగులో ప్రచురిస్తాను.

ఇట్లు,
ఫీడ్‌లాట్లలో పనిచేసిన ఒక తెలుగు పశువైద్యుడు